మొదటి బొంత మంచానికి సరిపోనక్కర్లేదు

ప్రశ్న: బొత్తాలు కుట్టడం, అంచు మడిచి కుట్టడం వరకు వచ్చు. ఇంట్లో మామూలు కుట్టు మిషన్ ఉంది. క్విల్టింగ్ (గుడ్డ ముక్కలు అతికి, పొరలు కలిపి బొంత కుట్టడం) నేర్చుకోవాలని ఉంది కానీ వీడియోలు చూసేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది. ఏకంగా మంచానికి సరిపడే బొంతతో మొదలుపెట్టనా? పాత కాటన్ చొక్కాలు పనికొస్తాయా?

జవాబు: తప్పకుండా మొదలుపెట్టండి, మంచం కొలతతో మాత్రం వద్దు. అంత పెద్ద బొంతను మిషన్ కింద దూర్చి తిప్పడమే ఒక పని. కిందికి వేలాడే బరువు కుట్టును పక్కకు లాగేస్తుంది. 18 అంగుళాల దిండు గలీబు చాలు.

మూడున్నర అంగుళాల చదరపు ముక్కలు తొమ్మిది కోయండి, ఐదు ముదురు రంగువి, నాలుగు లేతవి. ఒకటి మార్చి ఒకటి పెట్టి, మూడేసి చొప్పున మూడు వరుసలు కుట్టి, వరుసలు కలపండి. అలాంటివి నాలుగు అతికితే గలీబు ముందు భాగం తయారు.

మార్జిన్, అంటే కుట్టుకూ గుడ్డ అంచుకూ మధ్య వదిలే దూరం, సరిగ్గా పావు అంగుళం. మిగతా వాటిలో ఎలా ఉన్నా ఇక్కడ మాత్రం పట్టు విడవకండి. అంగుళంలో పదహారో వంతు ఎక్కువ తీసుకుంటే ఏమవుతుందిలే అనిపిస్తుంది. కానీ అతుకు రెండు ముక్కల్లోంచీ తింటుంది, కాబట్టి ఒక్కో అతుకు దగ్గర ఎనిమిదో వంతు పోతుంది. ఎనిమిది అతుకులున్న వరుసలో అంగుళం తగ్గిపోతుంది, పక్క వరుసతో మూలలు కలవవు. అందుకని ముందు మూడు ముక్కలు అతికి, ఇస్త్రీ చేసి, మధ్య ముక్కను కొలవండి. 3 అంగుళాలు ఉండాలి. తగ్గితే మార్జిన్ ఎక్కువైందన్నమాట. సూదికి పావు అంగుళం దూరంలో మిషన్ మీద టేపు ముక్క అంటించి, గుడ్డ అంచు దాన్ని ఆనుకుని కదిలేలా చూసుకోండి. నేను ఇప్పటికీ కొత్త పని మొదలుపెట్టే ముందు ఈ కొలత చూసుకుంటాను.

ఇస్త్రీపెట్టెను రుద్దకండి, గుడ్డ సాగుతుంది. పెట్టి, నొక్కి, ఎత్తండి. వరుసలో ప్రతి అతుకు మార్జిన్‌నూ ముదురు ముక్క వైపుకే మడవండి. పక్కపక్క వరుసల్లో మడతలు ఎదురెదురుగా వచ్చి ఒకదానిలో ఒకటి ఇమిడిపోతాయి. ఆ చోటును రెండు వేళ్లతో నలిపి చూడండి, మెట్టు తగలకపోతే మూల కుదిరినట్టే. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన క్షణం అదే.

పాత చొక్కాలు బాగా పనికొస్తాయి. వెలుతురుకు ఎత్తి పట్టుకుని, పల్చబడిన చోట్లు వదిలేయండి. సాగే టీషర్టులు ఇప్పుడే వద్దు. పోగు వెంట నిటారుగా కోయండి, ఐమూలగా కోస్తే ముక్క సాగిపోతుంది. కొత్త గుడ్డ కలుపుతుంటే ముందే ఉతికేయండి, ముఖ్యంగా ఎరుపు, ముదురు నీలం.

తర్వాత అడుగు గుడ్డను తిరగేసి నేల మీద పరిచి, ముడత లేకుండా టేపు అంటించండి. దాని మీద దూది పొర, పైన మీరు కుట్టిన ముక్క. కింది రెండూ చుట్టూ రెండు అంగుళాలు ఎక్కువ ఉండాలి. మధ్య నుంచి బయటికి, అరచేతి వెడల్పుకు ఒక పిన్నీసు. మూడు పొరలు కలిపి కుట్టడమూ మధ్య నుంచే, లేదంటే గుడ్డ ఒక పక్కకు చేరి ఉబ్బుతుంది.

ప్రశ్న: మిషన్ లేదు. చేత్తో కుట్టవచ్చా? ముడులు కనబడవా?

జవాబు: నిక్షేపంగా కుట్టవచ్చు. పావు అంగుళం గీతను పెన్సిల్‌తో గీసుకుని ముక్కలు అతకండి. మూడు పొరలు కలిపేటప్పుడు కుట్లు మరీ చిన్నవిగా రావాలని తాపత్రయపడకండి. అన్నీ ఒకే పొడవులో ఉంటే చాలు. ముడి సంగతి: దారం చివర చిన్న ముడి వేయండి. కుట్టు మొదలయ్యే చోటికి అంగుళం దూరంలో సూదిని పై గుడ్డలోంచి దూది పొరలోకి దించి, అడుగు గుడ్డను తాకకుండా, మొదలయ్యే చోట పైకి తీయండి. దారాన్ని చిన్నగా గుంజితే ముడి టప్‌మని లోపలికి దిగి దూదిలో చిక్కుకుంటుంది. దిగకపోతే ముడి పెద్దదైందని అర్థం, తీసేసి ఒకే చుట్టుతో వేయండి.