కొత్త రాక్, పాప్ సంగీతం వినడం గురించి: సమాధానం

కావలి మిత్రులకు నమస్కారం. పింక్ ఫ్లాయిడ్, క్వీన్ బృందాల తరువాత చెవికి ఆనేవారే లేరని, ఫోన్‌లోని యాప్ కూడా తిప్పితిప్పి ఆ పాతవే వినిపిస్తోందని రాశారు. మీరు విన్నదాన్ని బట్టే యాప్ తరువాతి పాటను ఎంచుతుంది కనుక, దానినే నమ్ముకుంటే గానుగెద్దు నడకే అవుతుంది. దానికి బదులు, సియాటిల్‌లోని కె.ఇ.ఎక్స్.పి. రేడియో స్టూడియోలో బృందాలు నేరుగా వాయించిన కచేరీలను యూట్యూబ్‌లో చూడండి. డబ్లిన్‌కు చెందిన రాక్ బృందం ఫాంటెయిన్స్ డి.సి.తో మొదలుపెట్టవచ్చు, గాయకుడు పాడినట్టు కాక మాట్లాడినట్టు అనిపించి విసుగు పుడితే, కాసేపు గొంతును వదిలి, అడుగున మంద్రంగా మోగే బేస్ గిటారును అనుసరించండి.

ఇక పాప్ సంగతికొస్తే, అమెరికన్ గాయని బిల్లీ ఐలిష్ 2019 నాటి తొలి ఆల్బమ్ చాలావరకు ఆమె అన్న ఫినియస్ పడకగదిలోనే రికార్డయింది. మైకుకు దగ్గరగా గుసగుసలాడినట్టు పాడిన ఆ గొంతు ఒంగోలు బస్సులో ఫోన్ స్పీకరు మీద వింటే ఏమీ మిగలదు. రాత్రిపూట హెడ్‌ఫోన్లతో వింటే ఊపిరి తీసుకోవడం కూడా తెలుస్తుంది. (ఉత్త పాప్ అని ఆమెను కొట్టిపారేసేవారితో నాకు పేచీయే.)

చిన్ననాడు నెల్లూరులో త్యాగరాజ కీర్తనలు నేర్చుకున్నానన్నారు కాబట్టి, కర్ణాటక సంగీతాన్ని రాక్‌తో కలిపే బెంగుళూరు బృందం అగం మీకు దగ్గరి దారి. ఏ ఆల్బమ్‌కైనా ఒక వారం ఇచ్చి, అప్పటికీ నచ్చకపోతే మొహమాటం లేకుండా వదిలేయండి.