సమ్మె రోజు రైలు టికెట్: పెదనాన్న ఉత్తరం

చిట్టితల్లికి, పెదనాన్న ఆశీస్సులు.

రైల్వే సమ్మె మాట వినగానే, మీ నాన్నని విమానాశ్రయం నుంచి తీసుకురావడానికి లెస్టర్ నుంచి లండన్‌కి కొన్న టికెట్ డబ్బులు పోయినట్టేనని రాత్రి ఫోన్లో బెంగపడ్డావు. పోలేదమ్మా. అడ్వాన్స్ టికెట్‌కి, అంటే నువ్వు ఒక్క రైలుకే ముందుగా చవగ్గా కొన్న టికెట్‌కి, డబ్బులు వాపసు రావన్నది నీ అంతట నువ్వు ప్రయాణం మానుకుంటేనే. వాళ్లే రైలు రద్దు చేసినా, ఆలస్యం చేసినా, వేళ మార్చినా, నువ్వు వెళ్లకపోతే పూర్తి డబ్బు ఇవ్వాల్సిందే. ఫీజు కూడా కోయకూడదు.

అందుకే ఇప్పుడే తొందరపడి యాప్‌లో మామూలు క్యాన్సిల్ నొక్కకు. సమ్మె రోజు టైంటేబుల్ వచ్చేదాకా ఆగు. అందులో నీ రైలు లేకపోతే స్క్రీన్‌షాట్ తీసుకుని, కారణం దగ్గర రైలు రద్దయిందని పెట్టు. అడగాల్సింది టికెట్ అమ్మినవాళ్లని, రైలు నడిపేవాళ్లని కాదు. టికెట్ గడువు ముగిశాక 28 రోజుల్లోపు అడగాలి. నువ్వు మాత్రం అన్నాళ్లు నాన్చకు.

2022 జూన్‌లో రైల్వే ఉద్యోగుల సంఘం ఆర్‌ఎమ్‌టీ 21, 23, 25 తేదీల్లో సమ్మె చేసింది. 23న నేను స్టేషన్‌కి వెళ్లేసరికి బోర్డు మీద నా రైలు పక్కన రద్దు అని ఉంది. ఉసూరుమంటూ ఆ నారింజ పట్టీల టికెట్‌ని అక్కడే చెత్తబుట్టలో పడేశాను. తర్వాత డబ్బు అడిగితే, ముందు టికెట్ చూపించమన్నారు. ఆ డబ్బు మళ్లీ కళ్ల చూడలేదు. కాగితం టికెట్ అయితే దాన్ని ప్రాణంలా దాచుకో తల్లీ.

సగం దారిలో ఇరుక్కుని బయల్దేరిన చోటికే తిరిగొచ్చినా పూర్తి డబ్బు వస్తుంది. ఈ సంగతి చాలామందికి తెలీదు.

ఎలాగో వెళ్లి ఆలస్యంగా చేరావనుకో, అది రీఫండ్ కాదు, డిలే రిపే, అంటే ఆలస్యానికి ఇచ్చే పరిహారం. అప్పుడు అడగాల్సింది రైలు నడిపిన సంస్థని. అరగంట ఆలస్యానికి సగం, గంటకి ఆ వైపు ఛార్జీ మొత్తం ఇస్తారు. ఆలస్యం లెక్కపెట్టేది ఆ రోజుకి ప్రకటించిన టైంటేబుల్‌ని బట్టే, పాతదాన్ని బట్టి కాదు.

రైలు బదులు కోచ్, అంటే దూరం వెళ్లే బస్సు, ఎక్కితే ఆ ఖర్చు రైలువాళ్లు ఇస్తారని మాత్రం అనుకోకు. మీ నాన్న ఫ్లైట్ నంబరు నాకు పంపు. కోచ్‌లో సీటు దొరక్కపోతే నేనే కారేసుకుని హీత్రూ వెళ్లి మా తమ్ముణ్ణి తీసుకొస్తాను.

మీ పెదనాన్న