పట్టుచీర రంగు ఫోటోలో మారకుండా ఉండాలంటే: మేనకోడలికి లేఖ

అనంతపురం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ధర్మవరం నుంచి నీవు పంపిన చీరల ఫోటోలు చూశాను. మెంతి రంగు చీర కొన్న ఆవిడ ఫోటోలో చూసిన రంగు ఇది కాదంటూ తిప్పి పంపారని రాసి, కొత్త కెమెరా కొనాలా అని అడిగావు. అవసరం లేదమ్మా. చీరను ఏ వెలుగులో తీస్తున్నావో కెమెరాకు నీవు చెప్పాలి. చెప్పకుండా ఆటో సెట్టింగులో, అంటే కెమెరా నిర్ణయానికే, వదిలేశావు గనుక అది తనకు తోచినట్టు రంగులు దిద్దింది. ఆ చెప్పే పద్ధతినే వైట్ బ్యాలెన్స్ అంటారు.

తెల్ల పంచెను కిటికీ దగ్గర చూసినా బల్బు కింద చూసినా మనకు తెల్లగానే కనబడుతుంది, ఎందుకంటే వెలుగులోని రంగుకు మన చూపు తనంతట తానే సర్దుకుంటుంది. కెమెరా ఉన్న వెలుగును ఉన్నట్టే పట్టుకుంటుంది. వెలుగు రంగును వేడిని కొలిచే కెల్విన్లలో లెక్కిస్తారు. కొలిమిలో ఇనుము కాలేకొద్దీ ఎరుపు నుంచి పసుపుకు, పసుపు నుంచి తెలుపుకు మారుతుంది కదా, ఇదీ అదే లెక్క: కొవ్వొత్తి వెలుగు సుమారు 1900, పాత ఫిలమెంటు బల్బు 2800, మధ్యాహ్నపు ఎండ 5500, మబ్బు పట్టిన పగలు 6500, ఎండ తగలని నీడ 7500 దాకా ఉంటాయి. అంకె పెరిగేకొద్దీ వెలుగు నీలం వైపు జరుగుతుంది. అయితే ఎండలో నిలబడి కెమెరాలో 7500 పెడితే ఫోటో నీలంగా రాదు, పసుపెక్కుతుంది. వెలుగులో నీలం ఎక్కువగా ఉందని నీవు చెప్పావు గనుక దాన్ని విరవడానికి కెమెరా పసుపు కలుపుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు తడబడేది ఇక్కడే, కాబట్టి ఈ నాలుగు మాటలు నిదానంగా మరోసారి చదువు.

ఫిల్ము రోజుల్లో ఈ సౌకర్యం లేదు. పగటి వెలుగుకు చేసిన రీలును రాత్రి పెళ్లిలో హాలోజన్ దీపాల కింద వాడేటప్పుడు లెన్సుకు 80ఏ అనే నీలి ఫిల్టరు బిగించాలి. ఒక పెళ్లిలో తొందరపడి నేను బిగించలేదు. తెల్లటి మధుపర్కాలు నారింజ రంగులో వచ్చాయి. పెళ్లికూతురి తల్లి ఆ ఆల్బమ్ చూసి ఏమీ అనకుండా మూసిపెట్టడం నాకింకా గుర్తుంది.

ఇక నీ చీర సంగతి. ఫ్రేమంతా మెంతి రంగే నిండితే, ఆ పసుపు చీరదా వెలుగుదా అన్నది ఆటో తేల్చుకోలేక, వెలుగుదే అనుకుని నీలం కలుపుతుంది. చీర పాలిపోతుంది, బంగారు జరీ వెండిలా కనబడుతుంది. అదే చీర కొంగును విడిగా తీస్తే ఇంకో రంగు వస్తుంది. అందువల్ల గ్రే కార్డు, అంటే ఏ రంగు ఛాయా లేని బూడిద అట్ట, వాడు. చీర పరిచిన చోటే, అదే వెలుగు పడేలా కార్డును ఉంచి, ఫ్రేము నిండా తీసి, కస్టమ్ వైట్ బ్యాలెన్స్‌లో ఆ ఫోటోను ఎంచుకోవాలి. మబ్బు కమ్మినా, చోటు మారినా మళ్లీ చేయాలి. కార్డుకు బదులు తెల్ల గుడ్డనో గోడనో నమ్మవద్దు. ఉతికిన గుడ్డలో నీలిమందు ఉంటుంది, సున్నంలోనూ కలుపుతారు, ఆ నీలాన్ని తెలుపుగా లెక్కవేస్తే చీరకు లేని పసుపు వచ్చి చేరుతుంది.

కిటికీ వెలుగులో తీసేటప్పుడు గదిలో దీపాలన్నీ ఆర్పివేయి. ఒక పక్క పగటి వెలుగు, ఇంకో పక్క బల్బు వెలుగు పడితే ఏ సెట్టింగూ రెండింటినీ ఒకేసారి సరిచేయలేదు. ఆకుపచ్చ గోడ పక్కన తీస్తే ఆ పచ్చదనం చీర మీద పడుతుంది. మీ ముందు గదిలోని తాడిపత్రి నల్ల బండలు అటువంటి రంగు వేయవు గనుక చీరను అక్కడే పరుచు. చవక ఎల్‌ఈడీ దీపాల వెలుగులో ఎరుపు పాలు తక్కువగా ఉంటుంది, వాటి కింద అరుణ వర్ణపు చీరలు మాసినట్టుంటాయి; వెలుగులో లేని రంగును వైట్ బ్యాలెన్స్ తెచ్చిపెట్టలేదు. రాత్రిపూట తీయక తప్పకపోతే సీఆర్‌ఐ, అంటే దీపం రంగులను ఎంత నిజంగా చూపుతుందో తెలిపే అంకె, 90కి పైగా ఉన్న దీపం కొను.

పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు వేసి నేసిన డబుల్ షేడ్ చీరల విషయం వేరు. చూసే కోణాన్ని బట్టి రంగు మారడం ఆ నేతలోనే ఉంది. దాన్ని సెట్టింగులతో చెరపాలని చూడకు. రెండు కోణాల్లో రెండు ఫోటోలు తీసి, రెండూ కొనేవారికి పంపు.

ఫోటోలు రా (RAW) ఫైలులో, అంటే కెమెరా పట్టినది దిద్దకుండా దాచే ఫైలులో, దాచుకో. అందులో వైట్ బ్యాలెన్స్ కేవలం ఒక సూచనగా ఉంటుంది గనుక తర్వాత నాణ్యత చెడకుండా మార్చుకోవచ్చు. మామూలు ఫోటో ఫైలైన జేపెగ్‌లో రంగు అప్పటికే ఖాయమైపోయి, కొంతవరకే దిద్దుకోనిస్తుంది. రంగు సరిచూసుకునేటప్పుడు తెరను పసుపుగా మార్చే నైట్ మోడ్ తీసివేయి.

వచ్చే ఆదివారం నా గ్రే కార్డు తీసుకుని ధర్మవరం వస్తాను. తిరిగి వచ్చిన ఆ మెంతి రంగు చీరను అమ్మకుండా ఉంచు. ముందు దానినే మళ్లీ తీద్దాం.

ఇట్లు,
మీ మామయ్య