నగను వెనక్కి తిప్పి చూడు

అమ్మడూ,

ఆశీస్సులు. "ఇంకెవరి దగ్గరా లేని ఉంగరం చేయించుకోవాలి మావయ్యా" అని రాశావు. చేయించుకో. కానీ డిజైన్ల పుస్తకం ముందేసుకుని కూర్చోకు. ముందు రాయి వెతుక్కో.

అందరూ మచ్చలేని రాయే అడుగుతారు. నన్నడిగితే నీ పనికి మచ్చ ఉన్నదే మేలు. పచ్చను పది రెట్లు పెంచి చూపే భూతద్దం కింద పెడితే లోపల నాచు పట్టినట్టు కనిపిస్తుంది. ఆ నాచు ఇంకో పచ్చలో అచ్చం అలాగే ఉండదు. పగులు పైదాకా వచ్చిందేమో మాత్రం చూసుకో, పొదిగేటప్పుడు చిట్లే ప్రమాదం ఉంది. వంకర ముత్యమూ అంతే. ఒకసారి ఒక పక్క నొక్కుకుపోయిన ముత్యం నా చేతికొచ్చింది. ఆ నొక్కుకు తగ్గట్టు, ముత్యం కూర్చునే గూడు నాలుగుసార్లు విప్పి కట్టాను. ఇప్పుడు అందులో వేరే ముత్యం పెట్టినా కూర్చోదు.

ఇక అచ్చు సంగతి. రబ్బరు అచ్చులో మైనం పోసి తీసిన ఉంగరాలను కొమ్మకు కాయల్లా అతికిస్తారు. చుట్టూ ప్లాస్టర్ లాంటిది పోసి, మైనం కరిగించి, ఆ ఖాళీలో బంగారం పోస్తే ఒకేసారి బోలెడు వస్తాయి. తప్పుడు పనేం కాదు, నేనూ చేశాను. కాకపోతే అచ్చు ఉన్నంతకాలం నీ ఉంగరానికి కవలలు పుడుతూనే ఉంటాయి. చేత్తో చెక్కిన మైనాన్నే నేరుగా పోత పోస్తే అది కరిగిపోతుంది, ఉంగరం ఒక్కటే మిగులుతుంది. కాబట్టి "అచ్చు తీసి పెట్టుకుంటారా?" అని మొహమాటపడకుండా అడుగు. కంప్యూటర్‌లో గీసిన ఫైలూ అచ్చుతో సమానమే.

పనివాణ్ణి ఎంచుకునేటప్పుడు అతను చేసిన నగను వెనక్కి తిప్పి చూడు. ముందువైపు మెరుగు ఎవరైనా పెడతారు. వెనక టంకం ముద్దకట్టి ఉంటే వచ్చెయ్. బంగారం 18 క్యారెట్లు చాలు. 22 మెత్తన, రాయిని అంత గట్టిగా పట్టుకోదు.

మెరుగు కూడా మరీ ఎక్కువ పెట్టనివ్వకు. కొత్తలో నేనొక కడియాన్ని సుత్తి దెబ్బలు కనబడకుండా అద్దంలా రుద్దేశాను. తీసుకున్నావిడ అటూ ఇటూ తిప్పి "కొట్లో కొన్నదానిలా ఉంది" అంది. మెచ్చుకుందనే అనుకున్నాను అప్పుడు!

రాయి దొరికాక ఎండలో ఒకటి, బల్బు కింద ఒకటి ఫోటో తీసి పంపు. రెండు వెలుతుర్లలో రంగు చూశాకే గూడు సంగతి మాట్లాడుకుందాం.

మీ మావయ్య