పాప ఎంబీబీఎస్ ఆపించకండి అన్నా

నల్గొండ ప్రభుత్వ మెడికల్ కాలేజీలో రెండో ఏడాది చదువుతున్న మీ పాప రీసెర్చ్ చేస్తానంటోందని, ఈ చదువు ఆపించి అమెరికాలో వైద్యం, పరిశోధన కలిపి చదివే ఎండీ-పీహెచ్‌డీకి పంపాలా అని అడిగారు. వద్దన్నా.

అక్కడ ఆ కోర్సు సుమారు 8 ఏళ్లు. ముందు రెండేళ్లు వైద్యం, మధ్యలో పీహెచ్‌డీ, మళ్లీ వార్డులు. దానికి 1964 నుంచి అక్కడి ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ ఇస్తున్న ట్రైనింగ్ గ్రాంట్లు అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. బయటి పిల్లలను తీసుకునే కాలేజీలు తక్కువ.

మన దగ్గర ఎంబీబీఎస్‌తోనే సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ అనే జాతీయ పరీక్ష రాయొచ్చు. అందులో జేఆర్ఎఫ్ అనే రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే నెలనెలా స్టైపెండ్‌తో హైదరాబాద్ సీసీఎంబీ లాంటి పరిశోధన సంస్థలో పీహెచ్‌డీకి ప్రయత్నించొచ్చు. నన్నడిగితే ఎంబీబీఎస్ తర్వాత మన దగ్గర చేసే ఎండీ అయ్యాక పీహెచ్‌డీ చేయడమే మేలు. రోగులను దగ్గరగా చూసినవాళ్లకే అసలు ప్రశ్న ఏదో తెలుస్తుంది.

ఇప్పుడు చేయాల్సింది భారత వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ ఇచ్చే ఎస్‌టీఎస్. మెడికల్ విద్యార్థుల కోసమే ఉన్న రెండు నెలల చిన్న ప్రాజెక్టు అది. సొంత కాలేజీలోనే ఒక మేడమ్‌నో సార్‌నో గైడ్‌గా పెట్టుకుని చేయొచ్చు. సబ్జెక్టు కోసం దూరం వెళ్లక్కర్లేదు, మర్రిగూడ వైపు ఊళ్లలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిన పెద్దవాళ్లున్నారు. ఫ్లోరైడ్ ఊళ్లలో పిల్లల మోకాళ్లు లోపలికి వంగుతున్నాయని 1970లలో లోకానికి చెప్పింది మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఎన్ఐఎన్ వాళ్లే. కమ్యూనిటీ మెడిసిన్ డిపార్ట్‌మెంట్‌లో ఈ వారమే అడగమనండి. నోటిఫికేషన్ వచ్చాక గైడ్‌ను వెతికితే టెన్షన్ తప్పదు.