మా బావ ఆఫీసు ఫైలు బయటపెడితే జైల్లో వేస్తారా?

రోడ్డు పనిలో దొంగ కొలతలు కనిపించాయి, ఆ పేజీల ఫొటోలు విలేకరికి పంపితే అధికార రహస్యాల చట్టం కింద మీ బావగారిని లోపలేస్తారా అని కదా మీ ప్రశ్న. నేను చిత్తూరులో ఒక ఇంజనీరింగ్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను, ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నా.

1923 నాటి ఆ చట్టంలో సెక్షన్ 5 ఏ కాగితానికైనా తగిలించేలా ఉంటుంది, మూడేళ్ల దాకా శిక్ష. కానీ ఎం-బుక్కు, అంటే పని కొలతలు రాసే పుస్తకం, బయటికిచ్చారని ఆ కేసు పెట్టడం నేనైతే చూడలేదు. మీ బావగారు టెన్షన్ పడాల్సింది ఛార్జి మెమో గురించి, అంటే క్రమశిక్షణ చర్యకి ఆఫీసు ఇచ్చే నోటీసు.

మా ఆఫీసులో ఒకాయన ఇలాగే ఎం-బుక్ పేజీ జిరాక్సు విలేకరి చేతికిచ్చాడు. పేపరువాళ్లు దాన్ని యథాతథంగా అచ్చేశారు. మార్జిన్‌లో ఆయన పెన్సిల్‌తో పెట్టుకున్న టిక్కులు, పక్కన చిన్న కూడిక, అన్నీ స్పష్టంగా పడ్డాయి. ఆ రాత ఎవరిదో ఆఫీసులో తెలియనిదెవరికి? మధ్యాహ్నానికల్లా పిలుపొచ్చింది. గ్రావెల్ ఎంత మందం పోశారని అడిగిన నాథుడు లేడు, ఎంక్వైరీ అంతా కాగితం ఎలా బయటికొచ్చిందనే. సస్పెన్షన్‌లో ఉన్నప్పుడు కలిస్తే, "లెక్క తిన్నోళ్లు సీట్లోనే ఉండారన్నా, నేను మాత్రం ఇంట్లో ఉండా" అన్నాడు.

అక్రమాలు బయటపెట్టేవాళ్ల కోసం విజిల్ బ్లోయర్ల రక్షణ చట్టం ఉందిగా అంటారు. 2014లో రాష్ట్రపతి ఆమోదం పడింది, అమల్లోకి మాత్రం తేలేదు. రోడ్డు పనుల్లో అవినీతి మీద ఫిర్యాదు చేసిన ఇంజనీరు సత్యేంద్ర దూబే 2003లో గయలో హత్యకు గురయ్యాక, 2004లో కేంద్రం ఒక తీర్మానం చేసి సీవీసీకి (కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కి) సీల్డ్ కవర్లో ఫిర్యాదు చేసే వీలు కల్పించింది. అది కేంద్ర ఉద్యోగుల మీదే. రాష్ట్ర ఇంజనీర్ల సంగతైతే ఏసీబీకి, అంటే అవినీతి నిరోధక శాఖకి, 1064 నంబరుకి ఫోన్ చెయ్యాలి.

నన్నడిగితే ఆ రోడ్డున్న ఊరివాళ్లెవరైనా సమాచార హక్కు దరఖాస్తు పెట్టడం మేలు. ఎస్టిమేటు, ఎం-బుక్కు, ఫైనల్ బిల్లు సర్టిఫైడ్ కాపీలు అడగొచ్చు. పనిని కళ్లారా చూసి, వాడిన సరుకు శాంపిల్ తీసుకునే హక్కు కూడా ఆ చట్టంలోనే ఉంది, ఇది చాలామందికి తెలియదు. జవాబుకి గడువు 30 రోజులు. ఒక్క జాగ్రత్త: ఫలానా ఎం-బుక్కు, ఫలానా పేజీ అని అడిగితే లోపలివాళ్లెవరో చెప్పారని ఇట్టే పసిగడతారు. ఆ ఏడాది మండలంలో జరిగిన రోడ్డు పనులన్నిటివీ అడగమనండి.

ఫొటోలు ఇప్పటికే తీసుంటే ఎవరికీ ఫార్వర్డ్ చెయ్యొద్దనండి, నమ్మకస్తుడైన స్నేహితుడికైనా సరే.