కంప్యూటర్ సందేహాలు: ‘అన్‌నోన్ డివైస్’ ఏమిటో తెలుసుకునేదెలా?

ప్రశ్న: ల్యాప్‌టాప్‌లో విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తుతో ‘అన్‌నోన్ డివైస్’ అని రెండు కనిపిస్తున్నాయి. డ్రైవర్ వెతుకుదామంటే అవేంటో కూడా తెలియడం లేదు. అసలు సిస్టమ్ దేన్ని చూసి గుర్తుపడుతుంది?

జవాబు: పేరు చూసి కాదు, నంబర్లు చూసి. ప్రతి పీసీఐ పరికరం (మదర్‌బోర్డుకు కలిసే సౌండ్, నెట్‌వర్క్ చిప్‌ల వంటిది) కాన్ఫిగరేషన్ స్పేస్‌లో, అంటే తన వివరాలు ఉంచుకునే చోట, మొదటి నాలుగు బైట్లు ఇందుకే కేటాయించారు. రెండు బైట్లు తయారీ కంపెనీ నంబరు, మిగతా రెండు ఆ మోడల్ నంబరు. ఇంటెల్‌ నంబరు 8086 (వాళ్ల పాత ప్రాసెసర్ పేరే!). విండోస్ ఈ నంబర్లను తన దగ్గరున్న ఐఎన్‌ఎఫ్ ఫైళ్లతో (ఏ నంబరుకు ఏ డ్రైవరో వీటిలో రాసి ఉంటుంది) పోల్చి చూస్తుంది. ఎక్కడా దొరక్కపోతే కోడ్ 28 చూపిస్తుంది. అంటే పరికరం కనబడింది, డ్రైవరే లేదు. పాడైపోయిందని కంగారు పడకండి.

ఆ పేరు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో డీటెయిల్స్ ట్యాబ్‌కి వెళ్లి, జాబితాలో ‘హార్డ్‌వేర్ ఐడీస్’ ఎంచుకోండి. నాలుగైదు వరుసలు వస్తాయి; అన్నిటికన్నా పైది కచ్చితమైనది, కిందికి వెళ్లేకొద్దీ వివరం తగ్గుతుంది. ‘వెన్’ పక్కనున్న నాలుగు అక్షరాలు కంపెనీ, ‘డెవ్’ పక్కనున్నవి మోడల్. ఈ రెండూ కలిపి నెట్‌లో వెతికితే చిప్ ఏదో తెలుస్తుంది. డ్రైవర్ మాత్రం ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో మీ మోడల్ పేజీ నుంచే తీసుకోండి. ఒకే ఆడియో చిప్‌ను రెండు మోడళ్లలో రెండు రకాలుగా వైరింగ్ చేసి ఉండొచ్చు. ఆ తేడా చెప్పేదే ‘సబ్‌సిస్’ నంబరు.

ఐడీ ‘ఏసీపీఐ’తో మొదలైతే కథ వేరు. అలాంటివి తమంతట తాము జవాబివ్వవు, అవి ఉన్నాయని బయాస్ (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్) తన పట్టికలో రాసి చెబుతుంది. హాట్‌కీలు, సెన్సర్లు ఎక్కువగా ఈ కోవలోవే. ముందు చిప్‌సెట్ డ్రైవర్ వేసి రీస్టార్ట్ చేయండి, తరచూ దాంతోనే సర్దుకుంటాయి. ‘అన్ని డ్రైవర్లూ మేమే వెతికిపెడతాం’ అనే సాఫ్ట్‌వేర్ల జోలికి పోవద్దు.

ప్రశ్న: యూఎస్‌బీ-సీరియల్ కన్వర్టర్‌ను వేరే పోర్ట్‌లో పెట్టగానే దాని పోర్ట్ పేరు కామ్3 కాస్తా కామ్5 అవుతోంది. ఎందుకు?

జవాబు: దానికి సీరియల్ నంబరు (ఒక్కో పరికరానికీ విడిగా ఉండే నంబరు) లేకపోయి ఉండాలి. యూఎస్‌బీ పరికరం ముందుగా ఇచ్చే 18 బైట్ల డిస్క్రిప్టర్‌లో (తన వివరాల పట్టికలో) 17వ బైటు సున్నా అయితే సీరియల్ నంబరు లేనట్టే. అప్పుడు విండోస్ పోర్ట్‌ను బట్టి తానే ఒక గుర్తు తయారుచేస్తుంది. పోర్ట్ మారితే దాని లెక్కలో అది కొత్త పరికరం. డీటెయిల్స్ ట్యాబ్‌లోనే ‘డివైస్ ఇన్‌స్టన్స్ పాత్’ చూడండి; చివరి భాగంలో రెండో అక్షరం ‘&’ అయితే ఆ గుర్తు విండోస్ పెట్టిందే. ఎప్పుడూ ఒకే పోర్ట్ వాడండి. లేదా పోర్ట్ సెటింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ నొక్కి కామ్ నంబరు మార్చుకోండి.

ప్రశ్న: నా పెన్‌డ్రైవ్ ఐడీ ‘వీఐడీ_0000, పీఐడీ_0002’ అని వస్తోంది. దీనికి ఏ డ్రైవర్ వేయాలి?

జవాబు: ఏదీ వద్దు. అది పెన్‌డ్రైవ్ నంబరే కాదు. డిస్క్రిప్టర్ చదవలేకపోయినప్పుడు విండోస్ పెట్టే ఉత్తుత్తి నంబరు. హబ్ తీసేసి నేరుగా పెట్టి చూడండి, తర్వాత వేరే కంప్యూటర్‌లో చూడండి. అక్కడా ఇదే వస్తే లోపం పెన్‌డ్రైవ్‌లోనే.